డ్రైవరుగారి కుడికాలు

మే నెల పద్నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం పదిన్నర గంటలు. ఆకాశంలో మబ్బుతునక లేదు, ఎండ చురుక్కుమంటున్నది. విశ్రాంత బస్సు డ్రైవరుగారు తమ ఇల్లాలితో కలసి టికెట్ల దుకాణం మెట్లెక్కారు. సముద్రం ఒడ్డున కాపురముంటున్న ఆవిడ అక్కగారు, వచ్చి వారం రోజులుండి పొమ్మని పిలిచారు. గడప దాటేటప్పుడే ఆవిడ తేల్చి చెప్పింది.

"ఈసారి కూడా ప్రయాణం చెడగొట్టారో, నేనొక్కదాన్నే పోతాను."

ఉప్పు డబ్బా ఏ మూలనుంటుందో కూడా ఎరుగని మనిషికి అది చిన్న బెదిరింపు కాదు.

చిక్కంతా ఆయన కుడికాలితోనే వచ్చిపడింది. ఉద్యోగం ముగిసి ఏళ్లు గడిచినా ఆ కాలు మాత్రం విరమించలేదు. బండిని మరొకరు నడుపుతుంటే చాలు, మలుపు మలుపుకూ అది లేని బ్రేకును తొక్కుతుంది. దాని వెంట నోరు కూడా కదులుతుంది. కిందటేడు ఒక బస్సు డ్రైవరు విసిగి, దారి మధ్యలో బండి ఆపేశాడు. "పెద్దాయనా, మీరైనా నడపండి, నన్నైనా నడపనివ్వండి" అన్నాడు. ఈయన నిజంగానే లేచి స్టీరింగు దగ్గరకు నడిచారు. ఆ ప్రయాణం అక్కడితో సరి.

"ముందు సీట్లు ఖాళీగా ఉన్నాయి బాబాయిగారూ, బస్సులో కాళ్లు చాపుకోవచ్చు" అన్నది కౌంటరులోని అమ్మాయి.

"ఆ కాళ్ల ఊసెత్తకు తల్లీ" అన్నది ఇల్లాలు.

"పోనీ కారు?"

"అల్లుడి కారెక్కాం ఒకసారి. దిగేసరికి అతను మాతో మాట్లాడటం మానేశాడు."

"అయితే విమానంలో వెళ్లండి."

డ్రైవరుగారు ముందుకు వంగారు. "నడిపేవాడు కనిపిస్తాడా?"

"తలుపేసుకుని ఉంటారండీ."

"మరి అతనికి చెప్పాల్సింది ఎలా చెప్పడం?"

ఇల్లాలు నుదురు కొట్టుకున్నది. "ఇన్నాళ్లూ మీరు చెబితేనే ఎగురుతున్నాయా అవి?"

ఇక మిగిలింది రైలు. సిగ్నళ్లు ముందుగా కనబడేటట్టు కిటికీ సీటిమ్మని ఆయన అడిగారు.

"వద్దమ్మా, ఇంజను వైపు వీపుండే సీటివ్వు" అని ఇల్లాలు అడ్డుపడింది. "దాటిపోయినవే కనబడాలి ఈయనకు. దాటిపోయినవాటికి బ్రేకెందుకు?"

"నేనెప్పుడైనా వెనక్కి తిరిగి కూర్చుని బండి నడిపానా?"

"మిమ్మల్ని నడపమన్నదెవరు?"

డ్రైవరుగారు తలవంచి చూసుకుంటే, కుడికాలు అప్పటికే కౌంటరు చెక్కను నొక్కిపట్టి ఉన్నది. మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

"ఎదుటి సీటెవరిది?"

"నాదే."

"అయితే ముందేమొస్తోందో నువ్వు చెబుతుండాలి."

"చెబుతాను. చెప్పదగ్గవే చెబుతాను."

ఆ శుక్రవారం వారు రైలెక్కారు. మొదటి వంతెన దాకా ఆయన అడగడం, ఆవిడ చెప్పడం సాగింది. ఆ తరువాత ఆవిడ చెప్పడం మానినా ఆయన గమనించలేదు. నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. అక్కగారింట వారం రోజులుండి సుఖంగా తిరిగివచ్చారు. ఇప్పుడు ఏటా ఒకసారి వెళ్లివస్తున్నారు. లేని బ్రేకు తొక్కే పని తప్పి ఆయనకు కుడి మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. ముందొచ్చేవి చూసి చెప్పాలి కదా, ఆవిడ దూరపుచూపుకు కొత్త కళ్లద్దాలు చేయించుకున్నది.