లూవీనియా నోట జారిన ప్రార్థన

మా అలబామా పల్లెలో లూవీనియా టాలీ దగ్గితే చర్చి మొత్తం సర్దుకుని కూర్చుంటుంది. నల్లవాళ్ల పిల్లలు చదివే బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి, మగ టీచర్లను సైతం గడగడలాడించిన మనిషి. చర్చిలో స్త్రీల సమాజానికి ఆమే పెద్ద. పెళ్లి వంటలు, చావింటి ఓదార్పులు, కొత్త పాస్టర్లకు బుద్ధి చెప్పడం, అన్నీ ఆమె చేతి మీదుగానే. అందనిదల్లా ప్రసంగ వేదిక ఒక్కటే. దేవుడు తనను వాక్యం చెప్పమని పిలిచాడని వయసులో ఉన్నప్పుడు వెళ్లి చెబితే, అప్పటి పాస్టరు నవ్వాడు. "పిలుపు నిజమే కావచ్చమ్మా. కానీ దాన్ని వాక్యం అనకు, నాలుగు మంచి మాటలు అను. పైన కాదు, కింద నుంచుని చెప్పు," అన్నాడు. అప్పటినుంచీ ఆమె కిందే నిలబడింది.

ఈసారి ఆడవాళ్లే ఆరాధన నడిపే స్త్రీల ఆదివారానికి కొత్త పాస్టరు హాస్కిన్స్ ఏకంగా జాలిసాను వేదిక ఎక్కించాడు. నిన్నగాక మొన్న బైబిలు కళాశాల నుంచి వచ్చిన పిల్ల! దానికి బైబిలు కథలు నేర్పిందే లూవీనియా.

తెల్లబట్టలు, పళ్లెమంత తెల్లటోపీతో ముందు వరుసలో కూర్చున్న లూవీనియాకు కడుపు భగ్గున మండింది. పక్కనే కూర్చున్న స్నేహితురాలు బెర్నడీన్ ఊరుకుంటుందా?

"చూశావా అక్కా, ఆ మెట్లెక్కడం ఎంత సులువో! మనకే తెలీలేదు."

"నోరు మూసుకుని పాట పాడు."

"పాట అయిపోయిందిగా!"

మా చర్చిలో వాక్యం చెప్పేవాళ్లకు కింద నుంచి "ఆమెన్" అందాలి. మొదటి ఆమెన్ లూవీనియాది, ఆ తరువాతే మిగతావాళ్లది. ఆ రోజు ఆమె పళ్లు బిగించి విసనకర్ర ఊపుకుంటూ కూర్చుంది. అన్ని నోళ్లూ మూతబడ్డాయి. యజమానురాలు వెళ్లగొడితే బిడ్డతో ఎడారిపాలైన దాసి హాగరు కథ ఎత్తుకున్న జాలిసాకు మాట తడబడింది, కాగితాలు తారుమారయ్యాయి.

ఎవరైనా ఇలా తడబడితే "ఆమెకు సాయం చెయ్యి ప్రభువా" అంటాం. పైకి ప్రార్థనే, తగిలేది చెంపదెబ్బ. ఆ దెబ్బ కొడదామనే లూవీనియా నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే జాలిసా ఆమె వైపు బేలగా చూసింది. లూవీనియా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"నాకు సాయం చెయ్యి ప్రభువా!"

బెర్నడీన్ గిరుక్కున ఆమె వైపు తిరిగింది. జాలిసా కాగితాలు పక్కన పెట్టేసింది.

"మనిద్దరికీ కావాలమ్మా ఆ సాయం. హాగరు నీళ్లు లేవని ఏడ్చింది. బావి అక్కడే ఉంది. దేవుడు కళ్లు తెరిపిస్తే కనపడింది, అంతే."

"ఆమెన్!" అంది లూవీనియా. చర్చి యావత్తూ లేచి నిలబడింది. ఆమె అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. అసూయ చచ్చిందా అంటే చావలేదు, మూలన పడి ఇంకా మూలుగుతూనే ఉంది. కానీ ఆ మెట్లు ఆ పిల్ల ఒక్కదానికోసమే కట్టినవి కావని ఆమెకు మొదటిసారి తోచింది.

భోజనాల దగ్గర వేయించిన కోడి వడ్డిస్తూ పాస్టరును ఆపింది.

"వచ్చే ఆదివారం వాక్యం ఎవరిది?"

"ఇంకా అనుకోలేదమ్మా. ఎవర్నడగమంటారు?"

"నన్నడుగు," అంది లూవీనియా.