కుండ కింద ఇసుక

నా చిన్నప్పుడు, దొరలు దేశం విడిచి వెళ్ళిపోయిన ఏడాది, మా చిన్న తాతయ్య నీలగిరి కొండల నుంచి నూజివీడు పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చాడు. ఆయన మా తాతయ్యకి తమ్ముడు. కుర్రతనంలో వెళ్ళి, అక్కడ ఒక దొరగారి బంగళాలో ముప్ఫై ఏళ్ళు తోటమాలిగా ఉన్నాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. తెచ్చుకున్నదల్లా ఒక రేకు పెట్టె, అందులో నాచులో చుట్టిన నాలుగు దుంపలు. వాటికి గులాబీ రంగు పూలు పూస్తాయట, ఒక్కో పువ్వు వెనక రెండు తోకలుంటాయట. వాటిని ఆర్కిడ్లంటారని నాకు పెద్దయ్యాక తెలిసింది.

మంచు కురిసే చోట పెరిగే మొక్క మామిడి తోటల ఎండకి ఏం బతుకుతుందని మా నాన్న నవ్వేవాడు. చిన్న తాతయ్య పట్టించుకోలేదు. మొదటి వానాకాలం కుండీలో రెండేసి ఆకులు వేశాయి గాని పూలు రాలేదు. చలికాలానికి ఆ ఆకులూ ఎండిపోయాయి. చచ్చాయనుకున్నాం మేము. నిద్రపోతున్నాయన్నాడాయన. ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు ఏదా అని వెతికి, వసారాలో మంచినీళ్ళ కుండ కింద పోసిన ఇసుకలో, చెమ్మ తగిలీ తగలనట్టు ఒక అంచున వాటిని పాతిపెట్టాడు.

ఉగాదికి కొత్త కుండ కొని, కింద ఇసుక మార్చడం మా ఇంటి ఆనవాయితీ. ఆ ఏడు అమ్మ ఆ పని నాకు అప్పగించింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

"దుంపలు జాగ్రత్తగా తీసి కొత్త ఇసుకలో పెట్టవే అమ్మాయ్," అని మరీ మరీ చెప్పి చిన్న తాతయ్య తోటకి వెళ్ళాడు.

పక్కింటి పిల్లలు ఆటకి పిలుస్తున్నారు. పాత ఇసుకంతా తట్టలోకెత్తి పెంటకుప్ప మీద పోసి, రెండాటలు ఆడాక గాని దుంపలు గుర్తు రాలేదు. పరిగెత్తి వెళ్ళేసరికి పందులు కుప్పంతా కెలికేశాయి. ఒక్కటీ మిగల్లేదు. సాయంత్రం ఆయన అడిగితే, "పెట్టేశాను తాతయ్యా," అన్నాను.

ఆ మాట నమ్మి ఎండాకాలమంతా ఆయన ఆ ఉత్త ఇసుకకి కాపలా కాశాడు. కాయ కోతకి ఇంటిల్లిపాదీ తోటలో ఉంటే, తనొక్కడూ మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి ఇసుక తడి చూసి వెళ్ళేవాడు. ఆ వేళకి నేను ఆయన కంటబడకుండా చూసుకునేదాన్ని. ఆ ఏడు రసాలు నాకు సహించలేదంటే అబద్ధం. బాగానే తిన్నాను.

తొలకరి పడింది. పదిహేను రోజులైనా మొలక లేదు. ఒక పొద్దున ఆయన ఇసుకంతా వేళ్ళతో జల్లెడ పట్టాడు.

"కుళ్ళి ఇసుకలో కలిసిపోయాయిరా. నీళ్ళెక్కువ పోసుంటాను. నా చెయ్యి పోయింది," అన్నాడు మా నాన్నతో.

కొమ్మలు కత్తిరించే కత్తెర పెట్టెలోంచి తీసి నాన్నకిచ్చేశాడు. అది మామిడి అంట్లు కట్టే కాలం. ఎవరొచ్చి పిలిచినా, "నా చేతిలో బతకవండీ," అని పంపేసేవాడు. పగలంతా గోడకి తిరిగి పడుకునేవాడు. అలా వారం గడిచింది.

ఇక ఉండలేక వెళ్ళి ఆయన మంచం పక్కన నిలబడ్డాను. "నువ్వు చంపలేదు తాతయ్యా. నేనే పారబోశాను. పందులు తినేశాయి," అన్నాను. వీపు చిట్లుతుందనే అనుకున్నాను.

ఆయన లేచి కూర్చుని నా మొహంలోకి చూశాడు. "ఒట్టేనా?"

"ఒట్టు."

"అయితే కుళ్ళలేదన్నమాట!" అన్నాడు. అంత సంతోషం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు. గబగబా నాన్న దగ్గరికెళ్ళి కత్తెర అడిగి తీసుకున్నాడు. గుమ్మం దాటబోతూ మాత్రం, "ముందే చెప్పొచ్చుగా తల్లీ," అన్నాడు.

దెబ్బలకి భయపడి దాచాననుకున్నాను. నా తప్పు ఆయన చేతి మీదికి నెట్టానని ఆ మాటతో తెలిసింది. చాలా సిగ్గేసింది. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. మొన్న నా చేతిలో మిక్సీ జార్ పగిలింది. కోడలు ఆఫీసు నుంచి వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుని, తను చెప్పులు విప్పకముందే చెప్పేశాను.