బరువు తగ్గని పాప

మార్కాపురం చుట్టుపక్కల మండలాల్లో నేను మూడేళ్ళు సోషల్ ఆడిట్ పని చేశాను. పంచాయతీలో ఎవరికి పింఛను వస్తోంది, ఏ గర్భిణికి గుడ్లు, పాలు ఇస్తున్నారు, ఏ బిడ్డకు పిండి ప్యాకెట్లు ఇస్తున్నారు అన్నది రికార్డుల్లో ఉంటుంది. ఆ రికార్డులు పట్టుకుని మేం ఇల్లిల్లూ తిరుగుతాం. రాసిన మనిషి ఉన్నాడా, రాసిన వస్తువు చేరిందా చూస్తాం. ఆఖరి రోజు ఊరందరి ముందు గ్రామసభ పెట్టి, చూసిందంతా చదివి వినిపిస్తాం.

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం అది. మాది కూలీ కుటుంబం. మా అమ్మ ఏటా మమ్మల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతలకు పోయేది. అందుకే మా వాడల్లాంటి వాడల్లో తిరగడం నాకు కొత్తగా ఉండేది కాదు. నాతోపాటు రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన వచ్చేవాడు. అందరం ఆయన్ను పెద్దసారు అనేవాళ్ళం. మొదటి రోజే ఆయన నాకొక మాట చెప్పాడు. "కాగితంలో ఉన్న మనిషిని నీ కండ్లతో నువ్వు చూడాల. ఇంకొకరు చూసినామంటే రాసుకోవద్దు."

తర్లుపాడు దాటాక, బస్సు రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే ఊరది. పక్కనే పలకల గనులు. ఎండాకాలం మొదలైంది. ఇళ్ళ కప్పుల మీద, చెట్ల ఆకుల మీద బూడిదరంగు దుమ్ము. మధ్యాహ్నమైతే వాడలో చప్పుడే ఉండేది కాదు. సగం ఇళ్ళవాళ్ళు కోతలకు పోయి ఉన్నారు.

రెండో రోజు అంగన్‌వాడీలో కూర్చుని పిల్లల బరువుల పుస్తకం చూస్తున్నాను. ఒక్కో బిడ్డకు ఒక్కో పేజీ. నెలనెలా బరువు చుక్కగా పెట్టి, చుక్కలన్నీ గీతతో కలుపుతారు. ఆ వాడ పిల్లల గీతలన్నీ ఒకేలా ఉన్నాయి. కొంచెం పైకి పోతాయి, విరేచనాలొచ్చిన నెల కిందికి దిగుతాయి, కోతల కాలంలో మాయమైపోతాయి, తిరిగొచ్చాక ఇంకా కిందనుంచి మొదలవుతాయి. మా ఇళ్ళ పిల్లల బతుకులు అట్లాగే ఉంటాయి కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు.

ఒక్క పేజీ దగ్గర ఆగిపోయాను. రెండేళ్ళ ఆడపిల్ల. ఏడాదిగా ఆ పాప బరువు ఒక్కసారి కూడా తగ్గలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. నెలకు పావుకిలో, నెలకు పావుకిలో. స్కేలు పెట్టి గీసినట్టు గీత.

"ఈ పాపకు ఏం పెడతారు మేడమ్, ఇంత బాగుంది?" అని నవ్వుతూ అడిగాను.

అంగన్‌వాడీ టీచరు నడివయసు మనిషి. పక్క వీధిలోనే ఇల్లు. ఆమె నవ్వలేదు. "బాగుంటాది ఆ పాప," అని పుస్తకం నా చేతుల్లోంచి తీసుకుని మూసేసింది.

ఆ మూసిన తీరు నాకు నచ్చలేదు. మధ్యాహ్నం ఒక్కదాన్నే ఆ ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరాను. మొదటి ఇంటి ముందు వేపచెట్టు నీడన ఒకామె చింతపండు గింజలు తీస్తోంది. పాప గురించి అడిగాను. నేను మాట పూర్తి చేయకముందే ఆమె తల ఊపింది. "ఉండాది ఉండాది. ఇందాకనే మా వాకిట్లో ఆడుకుంటా ఉండె."

రెండో ఇంట్లో ముసలాయన మంచం మీదనుంచి లేవకుండానే, "వాళ్ళ అవ్వతో మేకల కాడికి పోయిందమ్మా," అన్నాడు.

మూడో ఇంట్లో చిన్న వయసామె గడపలో నిలబడి, "రాత్రి జొరమొచ్చింది. ఇప్పుడు తగ్గింది, ఇంట్లోనే పండుకోనుండాది," అంది. చెప్పి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఒకే పాప ఒకే వేళ మూడు చోట్ల ఉంది. ముగ్గురూ తడుముకోకుండా చెప్పారు. ఎన్నోసార్లు చెప్పి అలవాటైన మాటల్లా ఉన్నాయి.

పాప వాళ్ళ ఇంటి తలుపు తీసే ఉంది. ఒకటే గది. మధ్య దూలానికి చీర ఉయ్యాల కట్టి ఉంది. పాతికేళ్ళ మనిషి ఒకామె గోడకు ఆనుకుని కూర్చుని, ఉయ్యాలకు కట్టిన తాడును కాలి బొటనవేలికి వేసుకుని మెల్లగా లాగుతోంది. ఉయ్యాల ఊగినప్పుడల్లా లోపల మువ్వలు సన్నగా మోగుతున్నాయి.

"మెల్లగ మాట్లాడమ్మా. ఇప్పుడే కండ్లు మూసింది," అందామె.

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. ఉయ్యాల కింద పిండి ప్యాకెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. కొన్నిటి మూతి చింపి, మళ్ళీ దారంతో కట్టి ఉంది.

"పాపను ఒకసారి చూస్తానక్కా."

ఆమె కాదనలేదు. లేచి, రెండు చేతులూ ఉయ్యాలలోకి పెట్టి, పాత చీరలో చుట్టిన మూటను ఎత్తి నా చేతుల్లో పెట్టింది. నా ఎడమ చెయ్యి దానంతటదే తల ఉండాల్సిన చోటికి పోయింది. పసిబిడ్డను ఎత్తుకునేటప్పుడు ఎవరైనా పట్టుకున్నట్టే పట్టుకున్నాను. బరువు కూడా బిడ్డ బరువే. తర్వాత గుడ్డలోంచి చల్లదనం తగిలింది. రాయి. రోట్లో రుబ్బే పొత్రం. దాని చుట్టూ మెత్తగా, చేత్తో ఒత్తితే లోపలికి పోయే పిండి. ముక్కిపోయిన గోధుమపిండి వాసన. ఒక కొసకు రెండు చిన్న పట్టీలు కట్టి ఉన్నాయి.

అరవాలనిపించింది. కింద పడేయాలనిపించింది. రెండూ చేయలేదు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"బరువు పెరిగింది గదా?" అని అడిగింది.

"పెరిగిందక్కా," అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. మూటను నా చేతుల్లోంచి జాగ్రత్తగా తీసుకుని మళ్ళీ ఉయ్యాలలో పడుకోబెట్టింది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చి, వీధి చివరిదాకా ఆ ఎండలో వట్టి కాళ్ళతోనే నడిచాను.

వాడ దాటాక మేకలు తోలుకొస్తున్న ముసలామె ఎదురైంది. నన్ను చూడగానే ఆగింది. పాప తల్లికి అత్తగారు.

"ఇంట్లోకి పోయినావా?" అంది.

"పోయినా అవ్వా."

ఆమె కట్టె నేలకు ఆనించి నిలబడి, ఎటో చూస్తూ చెప్పింది. పోయిన ఏడాది కోతలకు పోయినచోట, గుంటూరు పక్కన, చేలో వేసుకున్న గుడిసెలో పాపకు జ్వరమొచ్చింది. ఊరికాని ఊరు. ఆస్పత్రి ఎక్కడో తెలియదు. కూలికి తీసుకొచ్చిన మేస్త్రీ సాయంత్రం తీసుకుపోతానన్నాడు. సాయంత్రానికి పాప లేదు. కాలవగట్టున పూడ్చిపెట్టారు. కొడుకు ఆ తర్వాత ఊరికి రాలేదు, అక్కడే ఉండిపోయాడు.

"తిరిగొచ్చినాక మా కోడలు పది దినాలు నోరు తెరవలేదమ్మా. బరువులు తూచే దినం వచ్చింది. అందురూ పిల్లోల్ని ఎత్తుకోని పోతావుంటే ఇది పొత్రానికి చీర చుట్టుకోని పోయింది. టీచరమ్మ తూచింది. ఆ దినమే ఇది మాట్లాడింది. ఆ దినమే అన్నం తినింది." మేకలు ఆమె చుట్టూ తిరుగుతున్నాయి. "నెలనెలా పిండి ఇస్తారు గదా. ఎవురినీ తిననీదు. దోసెడు తీసి దాంట్లో పోసి చుడతాది. బిడ్డకు పెడతావుండానంటాది. అట్ల పెరుగుతా వచ్చింది."

టీచరు దగ్గరికి తిరిగి వెళ్ళాను. నా ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది. "మొదటిసారి ఊరికే త్రాసులో పెట్టినానమ్మా, ఆ పిల్ల మనసు కోసరం. అందురూ చూస్తావుంటే రాయకుండా ఎట్ల ఉండేది? ఒకసారి రాసినాక రెండో నెల ఏమని ఆపేది?" అంది. ఫోన్లో బిడ్డ ముఖం చూపిస్తేగానీ సరుకు ఇవ్వని పద్ధతి అప్పటికి రాలేదు. పుస్తకంలో రాస్తే రాసినట్టే.

బడి వరండాలో పెద్దసారుకు అంతా చెప్పాను. "పాప ఉందని రాసేద్దాం సార్," అన్నాను. ఆ మాట నేనే అన్నానంటే ఇప్పుడు నమ్మకం కుదరదు. రెండు రోజుల్లో నేను కూడా ఆ వాడలో మనిషినయ్యాను.

"నువ్వు చూసినావా?"

"ఎత్తుకున్నా సార్."

"ఏం ఎత్తుకున్నావు?"

ఆయన కోప్పడలేదు. "ఆ బిడ్డ చచ్చిపోయిందని ఏ పుస్తకంలోనూ లేదు," అన్నాడు. "అక్కడా రాయలేదు, ఇక్కడా రాయలేదు. ఏం జొరం, ఆస్పత్రికి ఎందుకు పోలేకపోయినారు, అడిగినోడు లేడు. బతికుండాదని మనం రాసినంత కాలం ఇంకెవురూ అడగరు. రేపు ఇంకో బిడ్డ అట్లనే పోతాది."

చివరికి ఇద్దరం ఒక మాటకొచ్చాం. సభలో ఆ పేరు చదవం. మండలాఫీసుకు విడిగా రాస్తాం. నర్సమ్మను వెంటపెట్టుకుని ఇంటికి పోయి, నెమ్మదిగా తల్లికి చెప్పిస్తాం.

మూడో రోజు మధ్యాహ్నం మూడింటికి బడి ఆవరణలో సభ మొదలైంది. మా కాగితంలో ఆ పేరు లేదు. కానీ పంచాయతీ కార్యదర్శి దగ్గర అసలు జాబితా ఉంది. ఆయన వేరే ఊరి మనిషి, కొత్తగా వచ్చాడు. పిల్లల జాబితా నేను చదువుతానని మైకు తీసుకుని మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ చదవడం, జనం "ఉంది", "ఉన్నాడు" అనడం. నేను లేచి ఆయన దగ్గరికి చేరేలోపే ఆ పాప పేరు మైకులో వినిపించింది.

"ఉంది!" అన్నారు.

అంతకుముందు ఏ పేరుకీ అంత గట్టిగా అనలేదు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు, అందరూ ఒక్క గొంతుతో అన్నారు. కార్యదర్శి టిక్కు పెట్టుకుని తర్వాతి పేరుకు పోబోయాడు.

ఆడవాళ్ళ మధ్యలోంచి ఆ తల్లి లేచి నిలబడింది. చేతుల్లో మూట లేదు. చుట్టూ ఒకసారి చూసింది.

"ఏడుంది?" అంది.

అంతమంది ఒక్కసారిగా ఉందనేసరికి, ఎక్కడో చూసే ఉంటారని ఆమె నిజంగానే అడుగుతోంది. "అక్కా, నువ్వు చూసినావా? ఏడ చూసినావు?" అని చింతపండు గింజలు తీసినామెను అడిగింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. "తాతా, నువ్వు? నువ్వు చూసినావా?" ముసలాయన తల వంచుకున్నాడు. ఒక్కొక్కరి దగ్గరికీ పోయి ముఖంలోకి వంగి అడుగుతూనే ఉంది. మైకు దానంతటదే సన్నగా కూస్తోంది. దాన్ని ఆపాలని కూడా ఎవరికీ తోచలేదు.

టీచరు కుర్చీలోంచి లేచి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చోబెట్టి, తనూ కూర్చుంది. "లేదమ్మా. మన పాప లేదు. నేనే తప్పు రాసినా," అంది.

"మరి నెలనెలా బరువు పెరిగింది గదా?"

టీచరు ఆమెను దగ్గరికి లాక్కుంది. ఆ తల్లి గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడాది ఆలస్యంగా ఆమె ఏడుపు మొదలైంది. ఆ ఏడుపుతో సభ దానంతటదే ముగిసిపోయింది.

మేం నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాశాం. టీచరుకు మెమో ఇచ్చారు. వాడవాళ్ళంతా మండలాఫీసుకు పోయి నిలబడి బతిమాలితే ఉద్యోగం తీయలేదు. నర్సమ్మ ఆ తల్లిని మార్కాపురం ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు మందులిచ్చి, నెలనెలా రమ్మన్నాడు. పాప చావు రాయించడం మాత్రం ఎవరి చేతా కాలేదు. చనిపోయిన చోట రాయించాలన్నారు ఇక్కడివాళ్ళు. కాలవగట్టు పేరేంటని అడిగారు అక్కడివాళ్ళు. పెద్దసారు ఏడాది పాటు అర్జీలు రాశాడు. ఆయన రాసి రాసి సాధించింది ఒక్కటి. కోతలకు పోయే కుటుంబాల పిల్లల పేర్లు ముందే రాసుకుని, పోయే ఊరి ఆశా కార్యకర్త ఫోన్ నంబరు తల్లి చేతికిచ్చి పంపడం మా మండలంలో మొదలైంది. అన్ని ఊళ్ళలో జరుగుతోందని నేను చెప్పలేను. మా అమ్మకు అలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు. మా అదృష్టం బాగుండి మేం తిరిగొచ్చాం.

నేను ఆ పని మానేసి చాలా కాలమైంది. పోయిన ఏడాది మార్కాపురం బస్టాండులో ఆమె కనిపించింది. నేను గుర్తుపట్టలేదు. ఆమే దగ్గరికొచ్చి పలకరించింది. కాస్త ఒళ్ళు చేసింది. పలకల ఫ్యాక్టరీలో పనికి పోతున్నానంది. నా చంకలో మా అమ్మాయి ఉంది. ఆమె చెయ్యి చాచి పాప కాలు పట్టుకుని చూసింది.

"ఎన్నో నెలమ్మా?"

"పదకొండు, అక్కా."

"బాగుండాది," అంది. కాలు వదలకుండానే, మామూలుగా, ఎవరైనా ఊరి పేరు చెప్పినట్టు, "మా పాప గుంటూరు కాడ ఉండాది," అంది.

నేను ఏమంటానోనని ఆమె చూడలేదు. తర్లుపాడు బస్సు వచ్చింది. కూరగాయల సంచి ఎత్తుకుని, జనంతోపాటు తోసుకుంటూ బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికితే కూర్చుంది.