చెక్క ఇవ్వని మునెమ్మవ్వ

మొన్న శ్రీ సిటీలో మా కంపెనీ గేటు పక్కన పొడుగాటి చెట్ల కొమ్మలు నరుకుతుంటే పచ్చి చెక్క వాసన ముక్కుకు తగిలింది. నాతోపాటు బస్సు కోసం నిలబడ్డ గీత, మా విభాగంలో కొత్తగా చేరిన పిల్ల, వంగి రెండు ముక్కలు ఏరి సంచిలో వేసుకుంది. "అశోక చెక్క కదక్కా, మా అమ్మకు రక్తం పోతాంది, కషాయం కాసి ఇస్తా" అంది. నాకు వెంటనే మునెమ్మవ్వ గుర్తొచ్చింది. ఆమె ఉండి ఉంటే ఆ సంచి లాగేసుకునేది.

పుత్తూరులో మా పక్కిల్లు ఆమెది. తన నీడను కూడా నమ్మని మనిషి. పాలవాడి ఎదుటే పాలలో వేలు ముంచి చూసేది. తిరుమల కొండ నుంచి ఎవరైనా ప్రసాదం తెచ్చిస్తే, దారిలో ఎక్కడ దించారో అడిగాకే కళ్లకద్దుకునేది. ఆమె పెరట్లో అసలైన అశోకం ఉండేది. వేసవి మొదట్లో కొమ్మలకే అంటుకుని నారింజ రంగు గుత్తులు పూసి, రెండు రోజుల్లో ఎర్రబడేవి. వీధిలో ఎవరికైనా నెలసరిలో రక్తం ఎక్కువ పోతే ఆమె దగ్గరికే వచ్చేవారు. మానుకు ఒక పక్కనే అరచేయంత బెరడు చెక్క తీసి, నీళ్లు కలిపిన పాలలో వేసి, నీళ్లు ఇగిరిపోయేదాకా కాచి, తన ఎదుటే తాగించేది. చెక్క ఇంటికి ఇచ్చి పంపమంటే, "ఇంటికి పోయి దాంట్లో ఏం కలుపుతారో ఎవురికి తెలుసు?" అనేది. పిసినారి ముసలిది అని నేను తిట్టుకునేదాన్ని.

నేను డిగ్రీ చదివేటప్పుడు అమ్మకు రక్తం పోవడం మొదలైంది. నాయనకు తెలియకుండా దాచింది కానీ, దండెం చివర ఆరేసిన గుడ్డలు చూసి నేను పట్టుకున్నాను. అవ్వను బతిమాలడం ఇష్టం లేక తిరుపతి అంగట్లో అశోక చెక్క పొట్లం కొనుక్కొచ్చాను. వాకిట్లోనే అవ్వ కంటబడ్డాను. పొట్లం లాక్కుని, ఒక ముక్క నమిలి, ఉమ్మేసింది.

"ఇది అశోకం కాదు పాపా, నరమామిడి. పచ్చపూల చెట్టు చెక్క తెచ్చి ఎర్రపూల చెట్టుదని అమ్ముతాండారు."

"అయితే నీ చెట్టుది ఇయ్యవ్వా. మా అమ్మకు."

ఆమె కత్తి అందుకుంటూ అడిగింది. "మీయమ్మకు ముట్టు నిలిసిపోయి ఎన్నేండ్లాయ?"

"మూడేండ్లు."

కత్తి మళ్లీ చూరులో పెట్టేసింది. "ఇయ్యను."

నాకు ఒళ్లు మండిపోయింది. "మా అమ్మ చస్తే నీ చెట్టును సూసుకుంటా సంతోషంగా కూసో" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. అవ్వ మాత్రం కోపగించుకోలేదు.

"నిలిసిపోయినాక మళ్లా కనబడిందంటే దాన్ని నమ్మగూడదు పాపా. మా యక్కకూ ఇట్లే అయితే నేనే కాసి పోసినాను. ఆర్నెల్లు తాగింది. తగ్గినట్టే ఉండె. లోపల గడ్డ పెరుగుతా ఉండాదని నాకేం తెలుసు? పద, మీ నాయనకు నేను సెప్తా."

మర్నాడు మాతోపాటు ఆమె కూడా తిరుపతి ఆస్పత్రికి వచ్చింది. అక్కడా ఊరుకుందా? పరీక్షకు తీసిన ముక్క వేసిన సీసా మీద అమ్మ పేరే రాశారో లేదో చూడమని నర్సు వెంట నన్ను తరిమింది. గర్భసంచిలో గడ్డ ఉంది. చెడ్డదే, కానీ ముదరలేదన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు. అమ్మ ఇప్పటికీ నాకు మధ్యాహ్నానికి క్యారియర్ కట్టిస్తోంది. అవ్వ పోయి మూడేళ్లయింది. చెక్క ఇచ్చే మనిషే మంచిదనుకున్నాను నేను. ఇవ్వకపోవడానికే ఎక్కువ ప్రేమ కావాలని ఆమె వల్ల తెలిసింది.

గీతకు ఇదంతా చెప్పే తీరిక లేదు, బస్సు మలుపు తిరుగుతోంది. "అది అశోకం కాదు, నరమామిడి" అన్నాను.

"అసలుది యాడ దొరుకుతాదక్కా?"

"మా పక్కింట్లో ఉంది. ముందు ఇది చెప్పు, మీ అమ్మకు నెలసరి ఆగి ఎన్నేళ్లయింది?"

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "ఐదేండ్లు అయిండాదక్కా."

ఆమె సంచిలో చెయ్యి పెట్టి రెండు ముక్కలూ తీసి పారేశాను. "రేపు సెలవు పెట్టు. నేనూ పెడతాను. మీ అమ్మను తీసుకుని ఆస్పత్రికి పోదాం" అన్నాను.