ఇండికేటర్ వేయని వీరులు

ఇండికేటర్ వేయకుండా గాల్లోకి ఎగిరిన కారును మీరు క్షమించగలరా? మా మావయ్య క్షమించలేడు. డ్రైవింగ్ స్కూలు నడిపే ఆయన దృష్టిలో మానవజాతి రెండే రకాలు: సిగ్నలిచ్చి తిరిగేవాళ్లు, ఫెయిలైనవాళ్లు. హాల్లోంచి వంటింట్లోకి మళ్లేటప్పుడు కూడా ఆయన చెయ్యి చాపుతాడు. నన్ను ఎన్నిసార్లు ఫెయిల్ చేశాడో మాత్రం చెప్పను. న్యాయశాస్త్రం చదివినదాన్ని, నాకు వ్యతిరేకంగా నేనే సాక్ష్యమివ్వను.

అంతటి మనిషి ఏటా సకుటుంబంగా అడవిలో కార్ల ర్యాలీ చూడటానికి వెళ్తాడు! ఈసారి నేనూ బయలుదేరాను. ఆయన కూతురు, అంటే మా వదిన, తొలిసారి పోటీలో ఉంది. ర్యాలీ పూర్తి చేస్తే చాలు, వచ్చే ఏడాది తమలోకి తీసుకుంటామని ఒక పెద్ద ర్యాలీ జట్టువాళ్లు మాటిచ్చారు. కన్నతండ్రి మాత్రం ఆమెనూ ఇంతవరకు పాస్ చేయలేదు.

"తనకు లైసెన్సుంది మావయ్యా! చట్టం ఒప్పుకుంది!"

"చట్టం ఒప్పుకుంటుంది లాయరమ్మా. మలుపు ఒప్పుకోవద్దూ?"

డిక్కీ నిండా చెక్కపలకలూ, తాడూ, పారా. తిండి బుట్ట నా ఒళ్లో. జనమంతా కార్లు ఎగిరే దిబ్బ దగ్గర చేరితే, ఆయన మమ్మల్ని ఒక బురద మలుపుకు తీసుకెళ్లాడు.

"ఇక్కడేముంది చూడ్డానికి?" అన్నాను విసుగ్గా.

"తప్పులు."

నిరుటి విజేత మలుపంతా అడ్డంగా జారుతూ దూసుకుపోయాడు.

"ఇండికేటరేదిరా? ఫెయిల్! వీడికి లైసెన్సెవడిచ్చాడు?"

"వాళ్లకు వినపడదండీ," అంది అత్తయ్య నారింజ ఒలుస్తూ.

"వాళ్లకెందుకు? దీనికి వినపడితే చాలు!" అని నన్ను చూపించాడు.

అంతలో వదిన కారు వచ్చింది, జారింది, ముందు చక్రాలు మునిగేలా గుంటలో కూరుకుపోయింది. గడువులోగా గమ్యం చేరకపోతే పోటీలోంచి తొలగిస్తారు. నేను అక్కడున్న మార్షల్‌ను అడిగాను: "ప్రేక్షకులు సాయం చేయడానికి నిబంధనలు అనుమతిస్తాయా?"

వెనక వచ్చే కార్లను హెచ్చరిస్తూ జెండా ఊపుతున్న అతను నవ్వాడు. "అనుమతిస్తాయి గానీ, మీరు అడిగేలోపే మాస్టారు దిగిపోయారుగా! ఏటా ఇక్కడ ఎందరి కార్లు లేపారో. డ్రైవర్లు దీన్ని మాస్టారి మలుపంటారు."

నిజమే. ఇస్త్రీ చొక్కాతో మోకాటిలోతు బురదలో నిలబడి, మావయ్య చక్రాల కింద పలకలు దూరుస్తున్నాడు.

"యాక్సిలరేటర్ అలా తొక్కకు! ఫెయిల్! మెల్లగా వెనక్కి! అయ్యో, మళ్లీ ఫెయిల్!"

"నాన్నా, ముందు తోయి! ఫెయిల్ తర్వాత చేద్దువుగాని!"

నారింజ పక్కన పెట్టి అత్తయ్య, బుట్ట పక్కన పెట్టి నేను, జెండా వదలకుండానే ఒక భుజమిచ్చి మార్షల్, అందరం తోశాం. కారు ఒక్క ఉదుటున రోడ్డెక్కి, మా ముఖాల మీద బురద చిమ్మి, మలుపు తిరిగి మాయమైంది.

వదిన చివరి నుంచి రెండో స్థానంలో గమ్యం చేరిందని తర్వాత తెలిసింది. కానీ ఆమె అసలు ఫలితం ఆ మలుపులోనే వెలువడింది.

మావయ్య కళ్లద్దాలు తీసి, వాటికంటే మురికిగా ఉన్న చొక్కాతో తుడుచుకున్నాడు. తీర్పు కోసం ఎదురుచూశాం.

"ఇండికేటర్ వేయలేదుగా మావయ్యా?"

"వేసింది. బురదలో నీకు కనపడలేదు."

నా రెండు కళ్లతో చూశాను. ఒక్క లైటూ వెలగలేదు. ప్రత్యక్ష సాక్షిని నేను ఎదురుగా ఉండగానే, ఆయన ఖాళీ రోడ్డు వైపు తిరిగి, నడుం మీద చేతులేసుకుని, జీవితంలో మొదటిసారి ప్రకటించాడు:

"పాస్!"