డ్రై టోర్టుగాస్ దారిలో 'గోదారి'

పోయిన శీతాకాలం అట్లాంటా దగ్గర అల్ఫారెట్టాలో ఒక పుట్టినరోజు పార్టీలో విమల ఆంటీ నన్ను పక్కకు పిలిచి, "శిరీషా, నీకు తొందరగా కడుపులో తిప్పుతుందా?" అని అడిగారు. కేకు గురించేమో అనుకున్నాను. "కార్‌లో వెనక సీట్లో కూచుని ఫోన్ చూస్తే వాంతి వస్తుందా అని అడుగుతున్నా," అన్నారు. రాదన్నాను. "అయితే మే మొదటి వారం లీవ్ పెట్టు," అంటూ నా ప్లేటులో ఇంకో సమోసా వేశారు. నా మొదటి సముద్రయానం అలా ఖాయమైంది.

విమల ఆంటీ నా స్నేహితురాలి అమ్మ. ముప్పై ఏళ్ళకు పైగా జార్జియాలో పళ్ళ డాక్టరుగా చేసి, రిటైరయ్యాక భర్త సుధాకర్ అంకుల్‌తో ఫ్లోరిడాకి మారారు. అక్కడ ఆవిడ చేసిన మొదటి పని కెప్టెన్ కోర్సులో చేరడం, రెండోది ఒక సెకండ్ హ్యాండ్ మోటార్ యాట్ కొనడం. యాట్ అనగానే తెల్లటి యూనిఫారాలు, షాంపేన్ గ్లాసులు ఊహించుకోకండి. రెండు డీజిల్ ఇంజన్లు, రెండు ఇరుకు పడకగదులు, ఒక వంటగట్టు ఉన్న పడవ అది. పేరు 'గోదారి'. ఆంటీది రాజమండ్రి. రేడియోలో అమెరికన్లు "గొడారీ, గొడారీ" అని పిలుస్తుంటే మొదట్లో నాకు నవ్వాగేది కాదు.

ఆంటీ నన్ను రమ్మన్నది ఒక పడవల ర్యాలీకి. ర్యాలీ అంటే పందెం కాదు. ఇలాంటి పడవలున్న వాళ్ళు ఏడెనిమిది మంది ఒక జట్టుగా, ఒకరికొకరు తోడుగా దూరపు దీవులకు వెళ్ళి రావడం. ఈసారి దారి ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న కీ వెస్ట్ నుంచి పడమరకు, మార్కెసాస్ దీవుల మీదుగా డ్రై టోర్టుగాస్ దాకా. ప్రతి పడవలో కనీసం ముగ్గురుండాలని ఈ జట్టు నియమం. ఆంటీ కూతురికి సెలవు దొరకలేదు. నేనా, వీసా స్టాంపింగ్ కాక దేశం దాటలేని స్థితిలో ఉన్నాను. ఉష్ణమండలపు దీవులు చూడాలన్న కోరిక మాత్రం చిన్నప్పటి అట్లాసుల కాలం నుంచీ ఉంది. దేశం దాటకుండానే అలాంటి చోటికి వెళ్ళొచ్చని తెలిసేసరికి ఆగలేకపోయాను.

అట్లాంటా నుంచి కీ వెస్ట్‌కి నేరుగా విమానం ఉంది, రెండు గంటల ప్రయాణం. ముందే బుక్ చేస్తే రానూపోనూ నాలుగు వందల డాలర్ల లోపే దొరుకుతుంది. అంతకన్నా ఎక్కువ చెప్తే మయామీలో దిగి బస్సో కారో పట్టుకోండి. సముద్రం మీద వంతెనలతో ఆ దారి కూడా చూడదగ్గదే. నేను మెరీనా చేరేసరికి సాయంత్రమైంది. డీజిల్ పోసే మనిషి సుధాకర్ అంకుల్‌ని చూసి, "కెప్టెన్, ఎన్ని గ్యాలన్లు?" అని అడిగాడు. అంకుల్ చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. ఆ కట్టతోనే ఆంటీ వైపు చూపించి, "ఆవిణ్ణి అడుగు. నాది వంట డిపార్ట్‌మెంట్," అన్నారు. ఇలాంటి ప్రశ్న ఆ నాలుగు రోజుల్లో ఆయన్ని చాలామంది అడిగారు. ఆయన ప్రతిసారీ అంతే తీరిగ్గా జవాబు చెప్పారు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి బయల్దేరి పదకొండు దాటాక మార్కెసాస్ చేరాం. మడచెట్ల దీవులు గుండ్రంగా చేయీచేయీ పట్టుకున్నట్టు నిలబడితే మధ్యలో లోతులేని పచ్చటి నీళ్ళు. ఇల్లు లేదు, రేవు లేదు, ఫోన్ సిగ్నల్ అసలే లేదు. చిన్న రబ్బరు పడవలో ఆంటీ, నేను ఆ నీళ్ళలో తిరిగాం. కింద ఇసుకమీద తిరగలి రాయంత తాబేలొకటి మా నీడ తగలగానే తప్పుకుని పోయింది. అంకుల్ రాలేదు. ఆయనకు ఈత రాదు. అంతకన్నా పెద్ద చిక్కు, అలలు కాస్త పెద్దవైతే చాలు, ఆయనకు కడుపులో దేవుతుంది.

సాయంత్రం అన్ని పడవల వాళ్ళూ ఒక చోట చేరి తెచ్చుకున్నవి పంచుకున్నారు. అంకుల్ చేసిన పులిహోర గిన్నె అందరికన్నా ముందు ఖాళీ అయింది. ర్యాలీని నడిపించే డేల్ అనే పెద్దాయన భార్య క్యారల్, పళ్ళకింద కరకరలాడే పచ్చిశనగపప్పును గింజలనుకుని, ఏ చెట్టువని అడిగింది. అంకుల్ ఆవిడకు పోపు ఎలా పెట్టాలో మొదటినుంచీ వివరించారు. నేను దగ్గరకెళ్ళి, "అంకుల్, మీకు సముద్రం పడదు, ఈత రాదు. మరి ప్రతి ట్రిప్పుకీ ఎందుకొస్తరు?" అని అడిగేశాను.

ఆయన గిన్నె తుడుస్తూ చెప్పారు. "మీ ఆంటీ జీవితమంతా జనం నోళ్ళలోకి చూసిందమ్మా. జానెడు దూరంలో. ఇప్పుడు కాస్త దూరం చూడాలనుంది ఆవిడకి. చూడనీ. ఒక్కదాన్నే పంపితే నాకు ఇంట్లో అన్నం సయించదు."

మేం అసలు కష్టం చూసింది ఆ మర్నాడే. మార్కెసాస్ నుంచి టోర్టుగాస్‌కి మామూలుగా ఆరు గంటల దారి. మధ్యలో నీళ్ళ కింద రెబెకా షోల్ అనే మెరక ఉంది. లోతు నీళ్ళు అక్కడ హఠాత్తుగా మెరకకు తగిలి, అలలు నాలుగు వైపుల నుంచీ వచ్చినట్టుంటాయి. అది దగ్గరపడుతుండగా నీళ్ళ మీద బంగారు గోధుమరంగు నాచు కనిపించసాగింది. మొదట తుంపులు తుంపులుగా, తర్వాత చాపలు పరిచినట్టుగా. సర్గాసమ్ అంటారు దాన్ని. నేను ఫొటోలు తీసుకుంటున్నాను. పైన స్టీరింగ్ దగ్గర అలారం మోగింది.

"కుడి ఇంజన్ వేడెక్కుతోంది. ఆపేస్తున్నా," అన్నారు ఆంటీ. పళ్ళకుర్చీలో కూర్చున్నవాళ్ళతో మాట్లాడే గొంతు అది, ఎక్కడా తొణకలేదు. "శిరీషా, ఇంజన్లు చల్లబడటానికి సముద్రపు నీళ్ళు లోపలికి తీసుకుంటాయి. దారిలో నాచు వడకట్టే డబ్బాలుంటాయి. అవి నిండిపోయుంటాయి. స్టీరింగ్ వదిల్తే అల పక్కనుంచి కొడుతుంది, నేను రాలేను. నువ్వు దిగుతావా?"

దిగుతానన్నాను. ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు.

కింద హాల్లో అంకుల్ బకెట్ పట్టుకుని నేలమీద పడుకుని ఉన్నారు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఇంజన్ గదిలోకి నేలలోనే ఒక తలుపుంది. దాన్ని ఎత్తగానే వేడి, డీజిల్ వాసన ముఖానికి కొట్టాయి. ఎడమ ఇంజన్ హోరులో పై నుంచి ఆంటీ అరిచేది నాకు వినపడటం లేదు. అప్పుడు అంకుల్ బోర్లా పాకుతూ వచ్చి, తలుపు అంచున గడ్డం ఆనించి, ఆవిడ మాటలు నాకు అందించడం మొదలుపెట్టారు.

"ముందు ఎర్ర పిడి వాల్వ్ మూసెయ్యమంటోంది! అడ్డంగా తిప్పు! మూయకుండా డబ్బా మూత తీస్తే సముద్రం లోపలికొచ్చేస్తుందట!"

తిప్పాను. కదల్లేదు. రెండు చేతులతో, ఒక కాలు దూలానికి తన్నిపెట్టి లాగితే కదిలింది.

"మూసిందా అని అడుగుతోంది!"

"మూసిన అంకుల్!"

మూత విప్పి లోపలి జల్లెడ పైకి లాగాను. పులుసు కోసం పిసికి వదిలేసిన చింతపండులా నాచు కూరుకుపోయి ఉంది. అక్కడే ఉన్న ఇంకో బకెట్లోకి దులుపుతుంటే అందులోంచి కందిపప్పు బద్దంత పీతలు, వెంట్రుకల్లాంటి రొయ్యలు పాకాయి. అన్నీ నాచు రంగులోనే ఉన్నాయి. ఆ వేడిలో, ఆ ఊపులో కూడా ఒక్క క్షణం వాటివంకే చూస్తూ ఉండిపోయాను. ఇంత ఊరు ఈ తుంపులో కాపురం ఉందా అనిపించింది.

"అమ్మా, రెండోది కూడా ఎక్కుతోందట! తొందరగా కానియ్!" అని అరిచి, అంకుల్ పక్కకు తిరిగి బకెట్లోకి వంగారు. మళ్ళీ నోరు తుడుచుకుని తలుపు దగ్గరికే వచ్చారు.

రెండోదీ ఆగితే మమ్మల్ని నడిపేది ఏదీ ఉండదు. అలలు ఎటు తోస్తే అటు, మెరక మీదికైనా సరే. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. జల్లెడ పెట్టి, మూత బిగించి, వాల్వ్ తెరిచి, "అయింది!" అని అరిచాను. కుడి ఇంజన్ దగ్గి అందుకుంది. పడవ వెనకనుంచి నీళ్ళు చిమ్ముతున్నాయో లేదో ఆంటీ వంగి చూసి, చిమ్ముతున్నాయని కబురు పంపాకే ఎడమది ఆపారు. అదే పని మళ్ళీ మొదటినుంచి. ఈసారి చేతులకు దారి తెలిసింది. పైకి వచ్చేసరికి డేల్ పడవ వెనక్కి తిరిగి వచ్చి మా పక్కనే అలల్లో ఊగుతూ ఉంది. రేడియోలో, "గొడారీ, బాగానే ఉన్నారా?" అని అడిగాడాయన. "ఇప్పుడు ఉన్నాం. మా ఇంజనీర్ పైకొచ్చింది," అన్నారు ఆంటీ. నేను నాచు అంటిన చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాను.

మిగతా దారంతా నాచు తప్పించుకుంటూ నెమ్మదిగా వెళ్ళి, మధ్యాహ్నం మూడు దాటాక టోర్టుగాస్ చేరాం. నాలుగువైపులా సముద్రం, మధ్యలో నీళ్ళమీద ఆరు పలకల ఇటుక కోట. ఒక ఊరు పట్టేంత కోటని ఇంత దూరం ఇటుకలు మోసుకొచ్చి కట్టి, పూర్తి చేయకుండానే వదిలేశారు. పక్క దీవిలో వేలాది నల్లరెక్కల పక్షులు గుడ్లు పెట్టుకుని, పెళ్ళివారి విడిదిలా గోల చేస్తున్నాయి. రేవు దగ్గర నేషనల్ పార్కు రేంజర్ పడవకు పర్మిట్ రాసిచ్చింది. ప్రవేశం మనిషికి పదిహేను డాలర్లు. ఇక్కడ మంచినీళ్ళు, డీజిల్, తిండి ఏవీ అమ్మరని ఆవిడ నవ్వుతూనే రెండుసార్లు చెప్పింది.

ఆంటీ కోట గోడ పక్కన నీళ్ళలోకి దిగి, గంటసేపు చేపల వెంట పడ్డారు. అంకుల్ తువ్వాలు పట్టుకుని ఇసుకలో నిలబడ్డారు. నేల మీదకు రాగానే ఆయన రంగు తిరిగొచ్చింది.

భోజనాల దగ్గర ఆంటీ ఉన్నట్టుండి, "ఏమండీ, ఇంటికెళ్ళాక బోట్ అమ్మేద్దాం," అన్నారు.

అంకుల్ చేతిలో గరిటె ఆగింది. "నాకోసమైతే అక్కర్లేదు. వాంతులకి ఎవరూ చావరు."

"మీ కోసం కాదు. ఇవాళ శిరీష ఉంది. రేపు మనిద్దరమే ఉన్నప్పుడు ఇదే జరిగితే? నేను స్టీరింగ్ వదల్లేను, మీరు నేలమీంచి లేవలేరు. అలారం మోగినప్పుడు నాకు భయమేసింది. ఇంజన్ గురించి కాదు, మీ గురించి. పడవ తిరగబడితే మీకు ఈత రాదే అని."

"ఇన్నాళ్ళూ ఎప్పుడూ అనలేదు ఈ మాట."

"ఇన్నాళ్ళూ రెండు ఇంజన్లూ ఒకేసారి వేడెక్కలేదు," అన్నారు ఆంటీ. పప్పులో నెయ్యి వేసుకుని తినసాగారు. అంకుల్ గరిటె గిన్నెలో పెట్టేశారు. నేను నా పళ్ళెంలోకే చూస్తూ తిన్నాను.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే అంకుల్ చెవి వెనక ఒక చిన్న బిళ్ళ అతికించుకుని కనిపించారు. వికారం రాకుండా వాడే మందు బిళ్ళ. క్యారల్ దగ్గర అడిగి తీసుకున్నారట. ఆంటీ ఆయన బీపీ మందుల పేర్లన్నీ అడిగి, ఆలోచించి, సరేనన్నారు. "శిరీషా, ఆ ఎర్ర పిడి ఎటు తిప్పాలో నాకు చూపించు," అన్నారు అంకుల్. చూపించాను. పడవ లంగరు మీద ఉండగానే ఆయన ఆ వాల్వ్ మూసి, తెరిచి, మళ్ళీ మూసి, నుదుటి చెమట తుడుచుకున్నారు. మెరక దాటేటప్పుడు తనంతట తానే దిగి జల్లెడలు చూసి, "గుప్పెడంతే ఉంది!" అని కింద నుంచి కేకేశారు. ఆ బిళ్ళ ప్రభావానికి ఆయన నోరు ఎండిపోయి, మాట ముద్దగా వస్తోంది. అయినా పడుకోలేదు.

ఆ తర్వాత మార్కెసాస్ దాకా ఆంటీ స్టీరింగ్ నాకిచ్చారు. దిక్సూచి ముల్లుని ఒక అంకె మీద నిలపడం ఎంత కష్టమో చేతికి తెలిస్తేగాని అర్థం కాదు. డేల్ రేడియోలో, "గొడారీ, మీరు వంకర్లు పోతున్నారు, అంతా క్షేమమేనా?" అన్నాడు. ఆంటీ, "క్లాస్ నడుస్తోంది," అని జవాబిచ్చారు.

బోట్ సంగతి ఇంకా తేలలేదు. పోయిన వారం ఆంటీ ఒక వీడియో పంపారు. ఊళ్ళోని ఈతకొలనులో నడుముల్లోతు నీళ్ళలో సుధాకర్ అంకుల్, పక్కన ఆరేళ్ళ పిల్లల బ్యాచ్. గోడ పట్టుకుని కాళ్ళు ఆడిస్తున్నారు. చివర్లో ఒక చెయ్యి వదిలారు. అంతలో వీడియో ఆగిపోయింది. రెండో చెయ్యి వదిలారా అని అడిగితే, "రేపు వదుల్తారట," అని ఆంటీ వాయిస్ మెసేజ్.

దీవుల గురించి తెలుసుకోవాలని వెళ్ళాను. పటంలో చుక్కలుగా ఉన్నవాటికి వాసన, గోల, రంగు ఉంటాయని తెలిసింది. కానీ ఇప్పుడు కళ్ళు మూసుకుంటే కోటకన్నా ముందు, ఇంజన్ గది తలుపు అంచున ఆనించిన ఆ పాలిపోయిన ముఖమే కనిపిస్తుంది. ఒకరి కోరికలో మరొకరు ఎంతవరకు తోడు రాగలరో నేను అంతకుముందు ఆలోచించలేదు. పడవ ఉంటుందో పోతుందో గాని, వాళ్ళిద్దరూ ఆ ప్రశ్నను ఒకరినుంచొకరు దాచుకోకుండా బల్లమీద పెట్టుకోవడం నేను చూశాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. సొంత పడవ అక్కర్లేదు. కీ వెస్ట్ నుంచి రోజూ ఫెర్రీ ఉంది, రెండు వందల డాలర్ల పైనే అవుతుంది, కొన్ని నెలల ముందే బుక్ చేయాలి. నాలాగే ఎవరి పడవలోనైనా సహాయకులుగా వెళ్తుంటే మాత్రం, రేవులో తాడు విప్పకముందే రెండు పనులు మీ చేత్తో చేసి చూడండి: ఇంజన్ ఆపడం, రేడియోలో సాయం అడగడం. నడపడం తర్వాతైనా నేర్చుకోవచ్చు.