పద్మక్క తీగల్లో నడిచిన కరెంటు

నిన్న పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసి, "పద్మ లేదమ్మా" అంది.

"ఎక్కడికెళ్లింది పెద్దమ్మా?" అని అడిగాను.

అటువైపు ఏడుపు విన్నాక గానీ అర్థం కాలేదు.

కాలేజీకి బయలుదేరుతూ కుప్పకూలిపోయిందట. గుండెపోటు.

పద్మక్క మా పెద్దమ్మ కూతురు. పుట్టింది సామర్లకోట. పీహెచ్‌డీ బెంగుళూరులో. తర్వాత రాజమండ్రిలో ఫిజిక్స్ లెక్చరర్.

తన రీసెర్చ్ నానోవైర్ల మీద. పాలిమర్ అనే, కరెంటును మోసే ఒక రకం ప్లాస్టిక్‌తో, కంటికి ఆనని సన్నటి తీగలు చెయ్యడం.

నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఓసారి బెంగుళూరు నుంచి సెలవులకొచ్చినప్పుడు నన్ను పడవెక్కించి గోదావరి మధ్యనున్న లంకకి తీసుకెళ్లింది. తడి ఒండ్రు మీద తన దువ్వెన అదిమి, మెల్లగా పైకి తీసింది.

గాడుల్లోకి నీళ్లు పాకాయి. ఎండ పడి గీతలన్నీ వెండిపోగుల్లా మెరిశాయి.

"ఇంతేనే. మెత్తటి పొర మీద అచ్చు నొక్కాలి. తియ్యాలి. ఆ గాడుల్లో పాలిమర్ నింపాలి."

"మరి కష్టమేంటి?"

"తియ్యడమే. ఆ పొర అచ్చుకి అంటుకుని మొత్తం చిరిగొచ్చేస్తోంది."

నీళ్లు ఇంకిపోయేదాకా అలా చూస్తూనే ఉంది. పడవతను పిలిచినా వినిపించుకోలేదు.

టాపిక్ మార్చుకోమని గైడ్ చెప్పారని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

అక్క టాపిక్ మార్చలేదు. అచ్చు మీద పూసే పూత మార్చింది. వేడి తగ్గించే తీరు మార్చింది. హాస్టల్లో ఏడ్చి, మొహం కడుక్కుని, మళ్లీ ల్యాబ్‌కి వెళ్లింది.

ఒక వానాకాలం ఉదయం. నేను పెద్దమ్మగారింట్లోనే ఉన్నాను. ఫోన్ మోగింది.

"అమ్మా, కరెంటొచ్చిందే!"

"మాకిక్కడ పోలేదు కదమ్మా" అంది పెద్దమ్మ.

తర్వాత నా చేతికి ఫోన్ ఇచ్చేసింది. "ఏంటోనే, నవ్వుతోందో ఏడుస్తోందో. నువ్వే మాట్లాడు."

"నా తీగలోంచి వెళ్తోందే..." అంది అక్క. అంత చిన్న గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇక్కడ పెంకుల మీద వాన, అక్కడ ఏదో మెషీన్ రొద.

ఇద్దరం అలా వింటూ ఉండిపోయాం.

రాజమండ్రిలో అలాంటి ల్యాబ్ లేదు. బాధగా లేదా అని ఓసారి అడిగాను. "నేను చూశానుగా. ఇప్పుడు నా క్లాసు పిల్లలకి చూడాలనిపించేలా చెప్పాలి" అంది.

నిన్న సాయంత్రం నేను పెద్దమ్మ దగ్గరికి చేరాక ఆ పిల్లలంతా వచ్చారు. వరండాలో కూర్చున్నారు.

పెద్దమ్మ లేచి వచ్చి ఒక్కొక్కరి దగ్గరా ఆగింది.

"ఏమన్నా తిన్నారా నాన్నా? మీ మేడం ఉంటే ముందు అదే అడిగేది."

అప్పుడు ఏడ్చాం, అందరం.

వెళ్లిరా అక్కా. ఇక హాయిగా నిద్రపో.